పైపూతే కదా అనుకోవద్దు

"తలకు రాసుకునేదే కదండీ, లోపలికి పుచ్చుకునేది కాదు కదా!"

నా వైద్యశాలలో నేను తరచుగా వినే మాటలలో ఇది ఒకటి. నోటితో మ్రింగినది మాత్రమే మందు, చర్మానికి పూసినది అలంకారంతో సమానం అనే నమ్మకం ఈ మాట వెనుక ఉన్నది. ఆ నమ్మకం తప్పు. ఆ తప్పు వలన కొందరు అనవసరంగా బాధపడుతున్నారు. మరికొందరు బాధపడుతూ కూడా దానికి కారణమేమిటో తెలుసుకోలేకపోతున్నారు. జుట్టు రాలకుండుటకు, తిరిగి మొలచుటకు వాడే పైపూత మందుల వలన అరుదుగానైనా సర్వశరీరానికీ కలుగగల ఉపద్రవాలను గురించి నా అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచదలచాను. ఇది అల్లోపతి వైద్యాన్ని నిందించడానికి వ్రాస్తున్నది కాదు. నిందించవలసి వస్తే మొదట నన్ను నేనే నిందించుకోవాలి. ఆ సంగతే ముందుగా చెబుతాను.

నేను అడగని ప్రశ్న

కొన్ని సంవత్సరాల క్రితం నలభై అయిదేండ్ల గృహిణి ఒకామె భర్తతో కలిసి నా వద్దకు వచ్చింది. "శాస్త్రిగారూ, సాయంత్రమయ్యేసరికి పాదాలు నీరు పడుతున్నాయి. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడుతున్నది. పడుకుని లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి" అన్నది. నాడి వేగంగా ఉన్నది. పాదం మీద వ్రేలితో నొక్కితే గుంట పడుతున్నది. ఆహారం, నిద్ర, విరేచనం, ఋతుక్రమం అన్నీ అడిగాను. ఏ మందులైనా వాడుతున్నారా అని కూడా అడిగాను. లేదన్నది. శోథగా భావించి పునర్నవాది కషాయం ఇచ్చి, ఉప్పు తగ్గించమన్నాను.

నెల గడిచింది. గుణం కనిపించలేదు. పైగా బరువు మూడు కిలోలు పెరిగింది. వ్రేలి ఉంగరం ఊడిరావడం లేదు. నేను భయపడి గుండె వైద్యుల వద్దకు పంపాను. గుండె, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలలో దోషమేమీ కనబడలేదు. మూడవసారి వచ్చినప్పుడు వెలుతురులో ఆమె ముఖం చూశాను. కణతల వద్ద, చెంపల మీద సన్నని కొత్త వెంట్రుకలు ఉన్నాయి.

"అమ్మా, ముఖానికి ఏమైనా రాస్తున్నారా?" అని అడిగాను.

"ముఖానికేమీ లేదండీ. తలకు మాత్రం మా తమ్ముడు వాడే మందు రాసుకుంటున్నాను. నాలుగు నెలలయింది."

అది పురుషులకు ఉద్దేశించిన 5 శాతం మినాక్సిడిల్ ద్రవం. త్వరగా పని చేయాలని చెప్పిన కొలతకు రెట్టింపు రాసుకుంటున్నది. చుండ్రు వలన గోకి గోకి తలంతా పుండ్లు పడి ఉన్నది. ఆ పుండ్ల మీదనే రోజుకు రెండు పూటలా పూత. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మీరు మందులు వాడుతున్నారా అని అడిగారు. అది మందని నేననుకోలేదు. పైపూతే కదండీ!" అన్నది.

పూత మానిన వారం పది రోజులలో పాదాల వాపు దిగిపోయింది. గుండెదడ తగ్గింది. ముఖం మీది వెంట్రుకలు పోవడానికి మరికొన్ని నెలలు పట్టింది. ఒక రోగి అనుభవం శాస్త్రప్రమాణం కాదని నాకు తెలుసు. కాని ఆ నెల రోజులూ నేనిచ్చిన కషాయం ఆమె శరీరం నుండి నీటిని తీయడానికి ప్రయత్నిస్తుండగా, తలకు రాసిన మందు ఆ నీటిని నిలుపుతూ ఉండవచ్చునన్న ఆలోచన నన్ను ఈనాటికీ వదలలేదు. రోగిని పరీక్షించేటప్పుడు "తినేదీ త్రాగేదీ అడిగినట్లే, ఒంటికి రాసేదీ తలకు అంటేదీ అడగాలిరా" అని మా గురువుగారు చెప్పేవారు. ఆ ఒక్క ప్రశ్నను నేను మరచిపోయాను.

చర్మం గోడ కాదు

గురుకులంలో ఉన్న రోజులలో గురువుగారు ఒక రాత్రి నా చేత వెల్లుల్లి దంచించి, ఆ ముద్దను నా అరికాలికే కట్టించారు. తెల్లవారి లేచేసరికి నా ఊపిరిలో వెల్లుల్లి వాసన! నోటిలో ఒక్క రెబ్బ కూడా వేసుకోలేదు. "ఇక అభ్యంగనం అధ్యాయం చదువు" అన్నారాయన. చర్మంలో ఉండే భ్రాజక పిత్తం అభ్యంగనం, పరిషేకం, అవగాహం, లేపనం మొదలైన వాటిలోని ద్రవ్యాలను పచనం చేస్తుందని సుశ్రుతసంహిత సూత్రస్థానం చెబుతున్నది. అనగా పూసిన ద్రవ్యం పైపైనే ఆగిపోదని మన పూర్వులు ఎరుగుదురు.

ఆధునిక వైద్యమూ ఇదే మార్గాన్ని ఉపయోగించుకుంటున్నది. గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్ పట్టీని ఛాతీపై అంటిస్తారు. ప్రయాణంలో వాంతులు రాకుండా స్కోపొలమిన్ పట్టీని చెవి వెనుక అంటిస్తారు. చర్మం గుండా మేలు లోపలికి పోగలిగినప్పుడు, కీడు మాత్రం గడప వద్ద ఎందుకు ఆగుతుంది?

రక్తపోటు మాత్ర తలమందైన వైనం

మినాక్సిడిల్ పుట్టింది జుట్టు కోసం కాదు. ఇతర మందులకు లొంగని తీవ్రమైన రక్తపోటుకు మాత్రగా దానికి అమెరికాలో 1979లో అనుమతి లభించింది. రక్తనాళాలను వెడల్పు చేయడం దాని ప్రధాన గుణం. ఆ మాత్రలు వాడినవారికి ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు మొలవడం వైద్యులు గమనించారు. ఆ దుష్ఫలితాన్నే ప్రయోజనంగా మలచి తలకు రాసే ద్రవంగా తయారు చేశారు. 2 శాతం ద్రవానికి 1988లో పురుషులకు, 1991లో స్త్రీలకు అక్కడ అనుమతి వచ్చింది. తరువాత అది ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆ మాత్రతో పాటు వచ్చే హెచ్చరిక చిన్నది కాదు. గుండె చుట్టూ నీరు చేరవచ్చు, గుండెనొప్పి ఉన్నవారికి అది ఎక్కువ కావచ్చు, శరీరంలో ఉప్పూ నీరూ నిలిచిపోవచ్చు అని దానిపై పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంటుంది. తలకు రాసినప్పుడు ఇంత ప్రమాదం సాధారణంగా ఉండదు. ఎందుకనగా రాసిన మందులో సగటున నూటికి 1.4 వంతు మాత్రమే రక్తంలోకి పోతుంది. కొందరిలో అది 4.5 వంతుల వరకు కూడా ఉండవచ్చు.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. 5 శాతం ద్రవం ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండు పూటలా కలిపి 100 మిల్లీగ్రాములు. అందులో 1.4 శాతం అంటే రోజుకు 1.4 మిల్లీగ్రాములు. ఇది స్వల్పమే అనిపిస్తుంది. కాని ఇటీవలి కాలంలో చర్మవైద్యులు జుట్టు కోసం నోటి ద్వారా ఇస్తున్న మినాక్సిడిల్ మోతాదు కూడా రోజుకు 0.25 నుండి 5 మిల్లీగ్రాములే! ఆ మాత్ర ఇచ్చేముందు వారు రక్తపోటు చూస్తారు, గుండె సంగతి అడుగుతారు. సీసా కొనుక్కున్నవారిని మాత్రం తరచుగా ఎవరూ ఏమీ అడగరు.

పుండ్లు, గజ్జి, వాపు ఉన్న తలపై పూసినా, కొలత మించి పూసినా, సూదుల చక్రంతో తలపై గుచ్చి పూసినా, ట్రెటినాయిన్ వంటి మందు కలిపి పూసినా లోపలికి పోయే భాగం పెరుగుతుంది. మామూలుగా కనిపించేవి తలపై దురద, పొట్టు, మంట, స్త్రీలకు ముఖంపై వెంట్రుకలు. అరుదుగా కనిపించేవి గుండెదడ, కళ్ళు తిరగడం, ఛాతీలో నొప్పి, చేతులూ పాదాలూ వాచడం, కారణం లేకుండా హఠాత్తుగా బరువు పెరగడం. ఇవి నేను ఊహించి చెబుతున్నవి కావు. ఇటువంటి లక్షణాలు కనిపిస్తే మందు ఆపి వైద్యుని చూడమని సీసాతో వచ్చే కాగితం మీదనే ఉంటుంది. ఆ కాగితం చదివేవారు ఎందరు? అట్టపెట్టెతో పాటే చెత్తబుట్టలో పడుతున్నది. ఊరట కలిగించే సంగతి కూడా ఒకటున్నది. పూత ఆపితే రక్తంలో చేరిన మందులో 95 శాతం నాలుగు రోజులలో బయటకు పోతుంది. కనుక కారణం కనిపెట్టడమే ముఖ్యం.

ఫినాస్టరైడ్ పూత

మన దుకాణాలలో మినాక్సిడిల్‌తో ఫినాస్టరైడ్‌ను కలిపిన ద్రవాలు కూడా అమ్ముతున్నారు. ఫినాస్టరైడ్ పురుష హార్మోనుపై పనిచేసే మందు. మాత్రగా మ్రింగితే పురుషత్వానికి, మనస్సుకు ఇబ్బంది కలుగవచ్చునన్న భయంతో చాలామంది యువకులు పూతను ఆశ్రయిస్తున్నారు. పూత వలన రక్తంలో చేరే మందు తక్కువే. అయితే అది శూన్యం కాదు. 0.25 శాతం పూతతో జరిగిన ఒక పెద్ద పరీక్షలో రక్తంలోని డైహైడ్రోటెస్టోస్టెరోన్ సుమారు మూడోవంతు తగ్గింది. మాత్రతో సగానికి పైగా తగ్గింది. తలకు రాసినది ఒళ్ళంతా తిరిగిందనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 ఏప్రిల్‌లో ఒక హెచ్చరిక విడుదల చేసింది. వైద్యుని చీటీపై దుకాణంలో కలిపి ఇచ్చే ఫినాస్టరైడ్ పూతలను గురించి 2019 నుండి 2024 వరకు తమకు 32 ఫిర్యాదులు అందాయని తెలిపింది. అంగస్తంభన లోపం, కామేచ్ఛ తగ్గుట, నిద్రలేమి, అలసట, ఆందోళన, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు అందులో ఉన్నాయి. వాడేవారి సంఖ్యతో పోల్చితే 32 అనేది అతి తక్కువ. ఫిర్యాదు వచ్చినంత మాత్రాన మందే కారణమని తేలదు. కాని చీకటి గదిలో కూర్చుని "నాకేమవుతున్నదో" అని కుమిలిపోయే యువకునికి, అతనిని చూసి "పెండ్లి చేస్తే సర్దుకుంటుంది" అనే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసి ఉండాలా, వద్దా? నా అభిప్రాయంలో తప్పక తెలిసి ఉండాలి.

ఒడిలోని పసిపాప

ఉపద్రవం రాసుకున్నవారితోనే ఆగదు. కొందరు పసిబిడ్డలకు ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచిన సంగతి స్పెయిన్ దేశంలోని నవార్రా ప్రాంతపు ఔషధ పర్యవేక్షణ కేంద్రం దృష్టికి వచ్చింది. విచారించగా తండ్రులు 5 శాతం మినాక్సిడిల్ తలకు రాసుకుంటున్నారని తేలింది. తండ్రి తల నుండి, చేతుల నుండి బిడ్డ చర్మానికి, నోటికి మందు చేరింది. తండ్రి పూత ఆపిన తరువాత వెంట్రుకలు పోయాయి. దీనితో 2024లో ఐరోపాలో మందుల కాగితంపై ఈ హెచ్చరిక చేర్చారు.

మన ఇండ్లలో తండ్రి భుజం మీద బిడ్డ నిద్రపోవడం, ఒకే దిండు మీద తలలు పెట్టుకోవడం, ఒకే తువ్వాలు నలుగురు వాడుకోవడం మామూలే. అందుచేత ఈ జాగ్రత్త మనకు మరింత అవసరం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మినాక్సిడిల్ వాడరాదు. గర్భిణులు ఫినాస్టరైడ్ ద్రవాన్ని తాకరాదు. గర్భంలోని మగశిశువు అవయవ నిర్మాణానికి అది హాని చేయగలదు. ఇంట్లో పిల్లిని పెంచుకునేవారు కూడా గుర్తుంచుకోవాలి. దిండు మీద ఒలికిన మినాక్సిడిల్‌ను నాకిన పిల్లికి ప్రాణాపాయం కలుగవచ్చు.

మన ఇంటి దీపమైనా

ఇంతవరకు చదివి, "చూశారా, మన ఆయుర్వేదంలో ఈ గొడవలేవీ లేవు" అని కొందరు పాఠకులు సంతోషించవచ్చు. ఆ సంతోషాన్ని నేను పంచుకోలేను. మన ఇంటి దీపమే అని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలక మానవు. పేనుకొరుకుడుకు, అనగా ఇంద్రలుప్తానికి, మన గ్రంథాలలో చెప్పిన లేపన ద్రవ్యాలలో గురివింద, నల్లజీడి, ఉమ్మెత్త ఉన్నాయి. గురివింద గింజ విషం. నల్లజీడి రసం సరిపడనివారికి తలపై పూస్తే ఒళ్ళంతా దద్దుర్లు, వాపు రావచ్చు. ఉమ్మెత్తలో ఉన్నది పైన చెప్పిన పట్టీలోని స్కోపొలమినే. పుండున్న తలపై దట్టంగా పట్టిస్తే నోరు ఎండటం, చూపు మసకబారడం, మతి తప్పడం సంభవమే. శుద్ధి, మాత్ర, కాలం, రోగి బలం ఎరిగిన వైద్యుడు వాడవలసిన ద్రవ్యాలివి. ఎవరో చెప్పారని పెరట్లో నూరుకునేవి కావు.

ఇక తైలాల పేరుతో జరుగుతున్నది మరొకటి. 2025 మార్చిలో పంజాబులోని సంగ్రూరులో బట్టతలకు జుట్టు మొలిపిస్తామని పెట్టిన శిబిరంలో ఏదో నూనె పూయించుకున్న అరవై మందికి పైగా జనం కండ్లు వాచి, మంటలతో ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ మరుసటి నెలలోనే మన హైదరాబాదు ఉప్పల్‌లో అటువంటి శిబిరం ముందు జనం బారులు తీరారు. ఆ సీసాలలో ఏమున్నదో పూయించుకునేవారికి తెలియదు. అల్లోపతి మందు పెట్టెలో కనీసం ఒక హెచ్చరిక కాగితమైనా ఉంటుంది. మన వారి సీసాల మీద "సర్వ దోషహరం" అనే మాట తప్ప మరేమీ ఉండదు. బట్టతలను నయం చేస్తామని, కొత్త జుట్టు మొలిపిస్తామని ఏ మందూ చెప్పుకోరాదని 1945 నాటి ఔషధ నియమావళిలోని జె షెడ్యూలు నిర్దేశిస్తున్నది. ఆ ప్రకటనలు మాత్రం మన గోడల నిండా ఉన్నాయి.

భయపెట్టడం కాదా?

నాకు పరిచయమున్న ఒక యువ చర్మవైద్యుడు ఈ విషయమై నాతో వాదించాడు. "అయ్యా, లక్షలాది మంది ఈ మందు నిశ్చింతగా వాడుతున్నారు. మీరు అరుదైన సంగతులు చెప్పి భయపెడితే, మేలు పొందగలిగినవారు కూడా మానేసి మోసగాళ్ళ నూనెల పాలవుతారు" అన్నాడు. అతని మాటలో సత్యమున్నది. వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకు మినాక్సిడిల్ పని చేస్తుందని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. వెంట్రుకల కుదురులు నశించిన చోట నా భృంగరాజ తైలం జుట్టు మొలిపించలేదని ఒప్పుకోవడానికి కూడా సంకోచం లేదు.

కాని భయపెట్టడం వేరు, తెలియజెప్పడం వేరు. నిప్పు కాలుతుందని చెప్పినంత మాత్రాన వంట మానుకున్నవారు లేరు. అరుదు అనే మాటకు వైద్యుని లెక్కలో ఒక అర్థం, బాధపడుతున్న మనిషి ఇంటిలో మరొక అర్థం. ఆ ఒక్కరికి అది నూటికి నూరు పాళ్ళు. ఆ ఒక్కరు కారణం తెలుసుకుని పూత ఆపగలగాలంటే, మిగిలిన అందరికీ సంగతి చెప్పక తప్పదు.

చేయవలసినది

మొదట, రాలుతున్న జుట్టుకంతటికీ మందు అవసరం లేదని గ్రహించండి. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజం. ప్రసవమైన తరువాత, టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తరువాత రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. కొన్ని నెలలలో దానంతట అదే తిరిగి వస్తుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉంటే వాటికి చికిత్స చేయాలి కాని తలకు కాదు. వీరందరూ సీసా కొనవలసిన పని లేదు. మునగాకు, నువ్వులు, పప్పులు, ఆకుకూరలు, వేళకు నిద్ర, తలకు వారానికి రెండుసార్లు గోరువెచ్చని కొబ్బరినూనె చాలు. నూనె జుట్టును మృదువుగా ఉంచి తెగకుండా కాపాడుతుంది. అంతకు మించి దాని నుండి ఆశించవద్దు.

పైపూత మందు వాడవలసే వస్తే వైద్యుని సలహాతోనే వాడండి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పండి. పదునెనిమిదేండ్ల లోపు పిల్లలకు పూయవద్దు. కొలత మించవద్దు. పుండ్లున్న తలపై వేయవద్దు. రాసిన వెంటనే చేతులు కడుక్కోండి. తల పూర్తిగా ఆరేవరకు బిడ్డను ఎత్తుకోవద్దు, దిండుపై తల వాల్చవద్దు. తమ్ముని సీసా అక్క, భర్త సీసా భార్య వాడవద్దు. గుండెదడ, వాపు, ఛాతీనొప్పి, హఠాత్తుగా బరువు, తగ్గని దిగులు కనిపిస్తే పూత ఆపి వైద్యుని చూడండి. ఏ వైద్యుని వద్దకు పోయినా, ఆయన అడగకపోయినా, తలకు ఏమి రాసుకుంటున్నారో మీరే చెప్పండి. కుదిరితే ఆ సీసాను వెంట తీసుకుపోండి.

మందుల దుకాణం వారికి, నా తోటి వైద్యులకు ఒక్క మనవి. ఈ సీసా అమ్మేముందు, ఏ రోగికైనా మందు వ్రాసేముందు ఒక్క ప్రశ్న అడగండి. దానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషాన్ని నేను ఆనాడు వెచ్చించి ఉంటే, ఆ ఇల్లాలు నెల రోజుల పాటు ఉబ్బిన పాదాలతో, తన గుండెకు ఏదో అయిందన్న భయంతో నిద్ర లేకుండా గడపవలసిన పని ఉండేది కాదు. ఇప్పుడు నా వైద్యశాలలో రోగి కూర్చోగానే నేను అడిగే ప్రశ్నలలో "ఒంటికీ తలకూ ఏమి రాస్తున్నారు?" అనేది తప్పక ఉంటున్నది. గురువుగారి మాట ఆలస్యంగానైనా నా తలకెక్కింది.